సంగటి మింగే సీమలో నిదానపు భోజనం

మా చిత్తూరు పల్లెల్లో సంగటిని ఎవరూ నమలరు. వేడి ముద్ద నడుమ గుంత చేసి, అందులో పులుసు పోసుకుని, అంచు నుంచి కొంచెం గిల్లి, పులుసులో అద్ది, నాలుక మీద పెట్టుకుని మింగేస్తారు. చిన్నప్పుడు నేను నములుతూ కూర్చుంటే మా అవ్వ కసిరేది: "నములుతా కూర్చుంటే పండ్లకు అతుక్కుంటాది గానీ కడుపులోకి దిగదు నాయనా, మింగు!" నలభై ఏళ్ల తర్వాత అదే ఊరి నుంచి షుగరు పరీక్షకు తిరుపతి వచ్చిన మా బంధువుకు డాక్టరు చెప్పిన మొదటి మాట దానికి నేరుగా ఎదురుగా ఉంది: "నిదానంగా తినండి. ప్రతి ముద్దా బాగా నమలండి. బరువు తగ్గుతారు."

ఇద్దరిలో ఎవరి మాట నిజం? నిదానంగా తింటే తిండి తగ్గుతుందా? తగ్గితే ఆ మేరకు ఒళ్లు కూడా తగ్గుతుందా? నమలడమూ నిదానమూ ఒకటేనా? మనసు పెట్టి తినడం అన్నదానికి వైద్యంలో చోటుందా? గత ఇరవై ఏళ్లలో ఈ ప్రశ్నల మీద చాలా దేశాల్లో ప్రయోగాలు జరిగాయి. వాటిలో తేలిందేమిటో, తేలనిదేమిటో మన విస్తరి పక్కన పెట్టి చూడడం ఈ వ్యాసం పని.

ఇప్పుడే ఈ ప్రశ్న ఎందుకు?

భారత వైద్య పరిశోధన మండలి అండతో దేశమంతటా జరిపిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్లకు పైగా జనానికి మధుమేహం ఉందని, పెద్దవాళ్లలో నూటికి దాదాపు 40 మందికి పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుందని అది లెక్క తేల్చింది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌ మహిళల్లో నూటికి 36 మంది ఉండవలసినదానికన్నా ఎక్కువ బరువున్నారు. మన దేశస్థుల శక్తిలో 62 శాతం అన్నం, గోధుమ, చక్కెర వంటి పిండి పదార్థాల నుంచే వస్తోందని ఇండియాబ్ పరిశోధకులే తర్వాత చూపించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదన్నాయి.

చిత్తూరు సీమలో ఈ మార్పు ఒక్క తరంలోనే కళ్ల ముందు జరిగింది. రాగులు, జొన్నలు, సజ్జలు, కొర్రలు పండిన మెట్ట నేలలో వరి అన్నం ఒకప్పుడు పండగనాటి మాట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చి పేదవాడి ఆకలి తీర్చింది. అది చాలా పెద్ద మేలు. అదే కాలంలో మెల్లగా సంగటి పక్కకు జరిగి అన్నం నడుమకు వచ్చింది. అన్నం పెరిగినప్పుడు ఒంటి కష్టం కూడా పెరిగి ఉంటే చిక్కు లేకపోయేది. కపిల తోలే పని మోటారు చేస్తోంది, మడక పని ట్రాక్టరు చేస్తోంది, ఊరికి నడిచే దారిలో ఆటో తిరుగుతోంది. తినే వేగం మాత్రం కాడి దింపి వచ్చిన మనిషి వేగంగానే మిగిలిపోయింది.

కడుపు చెప్పే కబురు

ఆకలి తీరిందన్న సంగతి మెదడుకు రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి, కడుపు గోడలు సాగినప్పుడు నరాల ద్వారా వెళ్లే కబురు. రెండోది, తిండి చిన్నపేగును తాకాక అక్కడి కణాలు విడుదల చేసే హార్మోన్ల కబురు. వీటిలో కోలిసిస్టోకైనిన్, జీఎల్‌పీ-1, పెప్టైడ్ వైవై ముఖ్యమైనవి. ఇవి రక్తంలో కలిసి పనిచేయడానికి కొంత సేపు పడుతుంది. డాక్టర్లు 20 నిమిషాలని చెప్పేది ఈ సమయాన్నే. అది గడియారం పెట్టి కొలిచిన గీత కాదు, సుమారు లెక్క. ఎనిమిది నిమిషాల్లో విస్తరి ఖాళీ చేసినవాడికి కడుపు నిండిందన్న కబురు అందేటప్పటికి రెండోసారి వడ్డన కూడా అయిపోయి ఉంటుంది.

ఏథెన్స్ పరిశోధకులు 2010లో దీన్ని చక్కగా పరీక్షించారు. 17 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు ఒకే కొలత ఐస్‌క్రీమ్ ఇచ్చి, ఒకసారి 5 నిమిషాల్లో, మరోసారి 30 నిమిషాల్లో తినమన్నారు. నిదానంగా తిన్న రోజున జీఎల్‌పీ-1, పెప్టైడ్ వైవై రెండూ రక్తంలో ఎక్కువగా కనిపించాయి. ఆకలి పుట్టించే గ్రెలిన్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

2025లో మన మందుల షాపుల్లోకి బరువు తగ్గించే ఇంజెక్షన్లుగా వచ్చిన టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ రెండూ ఈ జీఎల్‌పీ-1 దారిలోనే పనిచేస్తాయి. దాన్ని చూపి, నిదానంగా తింటే ఆ ఇంజెక్షను చేసే పని ఉచితంగా జరుగుతుందని కొందరు ప్రచారం చేస్తున్నారు. ఆ మాట నమ్మవద్దు. ఒంట్లో పుట్టే జీఎల్‌పీ-1 రెండు నిమిషాల్లోనే సగానికి తరిగిపోతుంది. మందుగా ఇచ్చే సెమాగ్లూటైడ్ సగానికి తరగడానికి దాదాపు వారం పడుతుంది. రెండింటి బలం మధ్య చాలా దూరం ఉంది. నిదానపు భోజనానికి ఉన్నది చిన్న బలం, రోజూ దొరికే బలం.

తిండి తగ్గుతుందా? బరువు తగ్గుతుందా?

మొదటి ప్రశ్నకు జవాబు బాగానే తేలింది. అమెరికాలోని రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయంలో 2008లో 30 మంది మహిళలకు పాస్తా పెట్టి, ఒక రోజు గబగబా, ఇంకో రోజు నిదానంగా, కడుపు నిండేదాకా తినమన్నారు. గబగబా తిన్నప్పుడు 8.6 నిమిషాల్లో 646 కేలరీలు తిన్నారు. నిదానంగా తిన్నప్పుడు 29 నిమిషాలు కూర్చుని 579 కేలరీలతో లేచారు. నిదానంగా తిన్న రోజునే కడుపు నిండిందన్న తృప్తి కూడా ఎక్కువ. ఇలాంటి 22 ప్రయోగాలను 2014లో ఒకచోట చేర్చి లెక్కగట్టినప్పుడూ అదే తేలింది: వేగం తగ్గితే ఆ పూట తినేది తగ్గుతుంది, తక్కువ తిన్నందుకు తర్వాత ఆకలి పెరగదు.

ఈ తేడా ఎంతో మన కొలతలో చూద్దాం. 67 కేలరీలంటే 50 గ్రాముల వండిన అన్నం. రెండు ముద్దలు, మహా అయితే మూడు. అదే 2014లో టెక్సాస్‌లో జరిగిన ఒక ప్రయోగం ఇంకో సంగతి బయటపెట్టింది. మామూలు బరువున్నవాళ్లు నిదానంగా తిన్నప్పుడు 88 కేలరీలు తగ్గాయి. ఎక్కువ బరువున్నవాళ్లలో 58 మాత్రమే తగ్గాయి, అది కాకతాళీయం కూడా కావచ్చునని లెక్క చెప్పింది. అవసరం ఎక్కువున్నవారికే ఫలం తక్కువ దక్కింది.

రెండో ప్రశ్న, బరువు సంగతి, ఇంత సులువుగా తేలలేదు. దీని మీద ఎక్కువ సమాచారం జపాను నుంచి వచ్చింది. 23 అధ్యయనాలను కలిపి 2015లో క్యూషూ విశ్వవిద్యాలయం వారు చూస్తే, గబగబా తినేవారిలో స్థూలకాయం అవకాశం నిదానంగా తినేవారికన్నా రెండింతలకు పైగా ఉంది. 2018లో వచ్చిన మరో అధ్యయనం మధుమేహమున్న 59,717 మంది ఆరోగ్య పరీక్షల రికార్డులను ఐదారేళ్ల పాటు వెంబడించింది. గబగబా తినేవారితో పోలిస్తే నిదానంగా తినేవారిలో స్థూలకాయం అవకాశం 42 శాతం తక్కువగా కనిపించింది. కాలక్రమంలో వేగం తగ్గించుకున్నవారిలో బరువు కూడా కొంచెం తగ్గింది.

అంకెలు పెద్దవే, వీటిలో రెండు లోపాలున్నాయి. తాము ఎంత వేగంగా తింటారో వాళ్లే చెప్పుకున్నారు, ఎవరూ కొలవలేదు. పైగా నిదానంగా తినేవారు నడకలోనూ నిద్రలోనూ తాగుడు విషయంలోనూ జాగ్రత్త గలవారై ఉండవచ్చు. బరువు తగ్గడానికి కారణం వేగమా, ఆ జాగ్రత్తా అన్నది ఇలాంటి అధ్యయనం విడదీసి చెప్పలేదు.

వేగాన్ని నిజంగా మార్చి చూసిన ప్రయోగాల్లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జరిగినది చెప్పుకోదగ్గది. 9 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న 106 మంది స్థూలకాయం గల పిల్లల్లో సగం మందికి కంచం కింద పెట్టే ఒక తూకం యంత్రం ఇచ్చారు. కంచంలో తిండి ఎంత వేగంగా తరుగుతోందో అది తెర మీద గీసి చూపుతుంది. ఏడాది తర్వాత, మామూలు వైద్యం పొందిన పిల్లలకన్నా వీళ్ల బరువు మెరుగ్గా తగ్గిందని 2010లో ప్రకటించారు. ఇది ఆశ కలిగించే ఫలితం. అయితే ఆ పిల్లలకు యంత్రంతో పాటు ఏడాది పొడుగునా నర్సుల తోడు ఉంది. ఇంట్లో ఒంటరిగా ప్రయత్నించేవారికి అంత ఫలం వస్తుందని చెప్పలేం.

అంటే, ఆ పూట తిండి తగ్గుతుందన్నది గట్టి సాక్ష్యమున్న మాట. ఏళ్ల తరబడి బరువు తగ్గి నిలుస్తుందన్నది సాధ్యమే గానీ ఇంకా పూర్తిగా రుజువు కాని మాట.

నమలడం వేరు, నిదానం వేరు

ముద్దకు 32 సార్లు నమలాలన్న సూత్రం మనకు బాగా తెలిసిందే. దానికి ప్రపంచమంతా ప్రచారం తెచ్చినవాడు అమెరికన్ వ్యాపారి హొరేస్ ఫ్లెచర్. 1849లో పుట్టి 1919లో పోయిన ఈయన, నోట్లో తిండి ద్రవంగా మారేదాకా నమలాలని ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. జపాను ఆరోగ్య శాఖ 2009లో ముద్దకు 30 సార్లు నమలమని ప్రచారం మొదలుపెట్టింది. 32 అన్న అంకె వెనుక మన పండ్ల లెక్క తప్ప ప్రత్యేకమైన శాస్త్రం లేదు.

ఇక్కడే మా అవ్వ మాట మళ్లీ ముందుకొస్తుంది. 1986లో బ్రిటిష్ పోషకాహార పత్రికలో ఒక ప్రయోగం అచ్చయింది. ఆరోగ్యవంతులకు అన్నం, మొక్కజొన్న, ఉర్లగడ్డ, ఆపిల్ ముక్కలు పెట్టి ఒకసారి బాగా నమిలి తినమన్నారు, ఇంకోసారి నమలకుండా మింగమన్నారు. మింగిన రోజున భోజనం తర్వాత రక్తంలో చక్కెర తక్కువగా పెరిగింది. సింగపూర్ పరిశోధకులు 2014లో అన్నం మీద ఇదే చూశారు. ముద్దకు 15 సార్లు నమిలితే అన్నం గ్లైసీమిక్ సూచి (తిండి రక్తంలో చక్కెరను ఎంతగా పెంచుతుందో చెప్పే కొలత) 68, అదే 30 సార్లు నమిలితే 88. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. పిండి పదార్థం ఎంత మెత్తగా నలిగితే ఎంజైములకు అంత సులువుగా దొరుకుతుంది, అంత త్వరగా చక్కెరగా మారుతుంది.

సంగటి మింగితే పొద్దు వాలేదాకా కడుపులో నిలుస్తుందని సేద్యగాళ్లు చెప్పే మాట ఉత్త నమ్మకమని తోసేయడానికి లేదని ఈ ప్రయోగాలు చెబుతున్నాయి. సంగటి మింగినా ఎవరూ దాన్ని గబగబా తినలేరు. అదీ గమనించవలసిన సంగతే. పొగలు కక్కే ముద్ద నడుమ చెయ్యి పెడితే కాలుతుంది. అంచు నుంచి గిల్లాలి, ఊదాలి, అద్దాలి, మధ్యలో ఎర్రగడ్డ కొరకాలి, ఊరిబిండి నంజుకోవాలి. నమలడం లేదు గానీ ముద్దకూ ముద్దకూ నడుమ ఆగడం ఉంది. వేగాన్ని తగ్గించేది ఆ ఆగడమే.

దీన్ని చూసి అన్నం కూడా నమలకుండా మింగమని నేను చెప్పడం లేదు. గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. ముసలివాళ్లకు, పిల్లలకు అది ప్రాణం మీదికి వస్తుంది. చెప్పేదల్లా ఇదే: తెల్లన్నాన్ని ముప్పై సార్లు నమిలినంత మాత్రాన అది షుగరుకు మందు కాదు. సంగటి కూడా మహిమ గల తిండేమీ కాదు. రాగుల్లో కాల్షియం, పీచు పుష్కలం, కానీ మర పట్టిన మెత్తని పిండితో, సగానికి సగం బియ్యపు నూకలతో చేసిన సంగటి కూడా చివరికి పిండి పదార్థమే. దాని పక్కన ఏముంది అన్నదే అసలు లెక్క.

నిదానం తిండిలోనే ఉంటుంది

వేగాన్ని నిర్ణయించేది మనసు ఒక్కటే కాదు, తిండి కూడా. లాన్సెట్ పత్రికలో 1977లో వచ్చిన ఒక ప్రయోగంలో ఆపిల్‌ను మూడు రూపాల్లో ఇచ్చారు: కాయగా, గుజ్జుగా, రసంగా. రసం తాగడం కాయ తినడంకన్నా 11 రెట్లు వేగంగా అయిపోయింది. కడుపు నిండిన తృప్తి కాయతోనే ఎక్కువ కలిగింది. తోతాపురి మామిడి గుజ్జు తీసి దేశదేశాలకు పంపే చిత్తూరు జిల్లావాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. చెట్టు కింద కూర్చుని కాయను కొరికి, టెంక చీకి తినడానికి పట్టే సమయమెంత? అదే రసాన్ని ప్యాకెట్టులో స్ట్రా వేసి లాగడానికి పట్టే సమయమెంత?

2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందిని నాలుగు వారాలు ఒక చోట ఉంచి తిండి పెట్టింది. రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన ప్యాకెట్ తిండి, రెండు వారాలు ఇంటి వంట లాంటి తిండి. ఎంత కావాలంటే అంత తినవచ్చు. ప్యాకెట్ తిండి తిన్న వారాల్లో రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, 0.9 కిలోలు పెరిగారు. రెండో రకం తిండితో 0.9 కిలోలు తగ్గారు. ప్యాకెట్ తిండిని వాళ్లు ఎక్కువ వేగంగా తిన్నారన్నది కూడా ఆ ప్రయోగంలో కొలిచి చెప్పిన సంగతే. అది మెత్తగా ఉంటుంది, నోట్లో నిలవదు. నిదానంగా తినమని ఎవరూ చెప్పకపోయినా తేడా 500 కేలరీలు. నిదానంగా తినమని చెప్పి సాధించిన 67 కేలరీల పక్కన ఈ అంకెను పెట్టి చూడండి.

మన సీమలో తమంతట తామే నిదానం నేర్పే తిండ్లు ఎన్నో ఉన్నాయి. చలికాలంలో అనపకాయలు ఉడకబెట్టి గంప నడుమ పెట్టుకుని ఒక్కొక్కటే వలిచి తింటారు. అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్క గింజా పితికితే గానీ పితికిపప్పు కూర కాదు. ఉడకబెట్టిన చెనిక్కాయల సంగతీ అంతే. పొట్టున్న పిస్తా పప్పులు, పొట్టు తీసిన పిస్తా పప్పులు ఇచ్చి చూసిన ఒక అమెరికన్ అధ్యయనంలో, పొట్టు ఉన్నవి తిన్నవాళ్లు 125 కేలరీలతో ఆగారు, లేనివి తిన్నవాళ్లు 211 దాకా పోయారు. తృప్తి ఇద్దరికీ ఒకటే. వేళ్లకు పని పెడితే నోటికి తీరిక దొరుకుతుందన్నమాట.

వరస కూడా కొంత మేలు చేస్తుంది. న్యూయార్కులోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో 2015లో 11 మంది మధుమేహులకు కూరగాయలు, మాంసం ముందు పెట్టి, పిండి పదార్థాలను పావుగంట తర్వాత పెట్టారు. అవే పదార్థాలను తిరగేసి పెట్టిన రోజుతో పోలిస్తే, గంట తర్వాత చూసిన చక్కెర 37 శాతం తక్కువ. మంది తక్కువే గానీ, తర్వాత వచ్చిన పరిశోధనలూ ఇదే దిక్కు చూపాయి. మన ఇంట్లో ఇది కష్టమేమీ కాదు. పులగూర, చిక్కుడుకాయ వేపుడు, ఉడికించిన అలసందలు, గుడ్డు ముందు తిని, తర్వాత అన్నం కలుపుకుంటే చాలు.

ఎరుకతో తినడం

మనసు పెట్టి తినడాన్ని ఇప్పుడు పాశ్చాత్య దేశాల్లో ఒక చికిత్సగా నేర్పుతున్నారు. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన ధ్యాన తరగతుల్లో ఒక ఎండుద్రాక్షను చూసి, వాసన చూసి, నాలుక మీద నిలిపి తినడం మొదటి పాఠం. ఈ ఆలోచన మనకు కొత్త కాదు. చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో భోజన నియమాలున్నాయి. వేడిగా తినాలి, మితంగా తినాలి, ముందు తిన్నది అరిగాక తినాలి, మాటలూ నవ్వులూ లేకుండా మనసు పెట్టి తినాలి. వాటిలో ఒక నియమం ఇప్పటి ప్రచారకులు గమనించవలసినది. మరీ త్వరగా తినవద్దన్న చోటే మరీ నెమ్మదిగా కూడా తినవద్దని చరకుడు చెప్పాడు. తిండి చల్లారిపోయేంత సాగదీయడం ఆయన దృష్టిలో దోషమే. విస్తరి చుట్టూ నీళ్లు చల్లి, ఆపోశన పట్టి, ఒక్క క్షణం ఆగి మొదటి ముద్ద ఎత్తే ఆచారంలోనూ ఆ ఆగడం ఉంది.

దీనికి వైద్య ఫలం ఎంత? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కోలో 194 మంది స్థూలకాయులను రెండు జట్లు చేసి, రెండు జట్లకూ ఆహారం, వ్యాయామం నేర్పి, ఒక జట్టుకు మాత్రం ధ్యానంతో కూడిన భోజన పాఠాలు అదనంగా చెప్పారు. 2016లో వచ్చిన ఫలితం ఇది: ఏడాదిన్నర తర్వాత ధ్యానం జట్టు 1.7 కిలోలు ఎక్కువ తగ్గింది, కానీ ఆ తేడా నమ్మకంగా చెప్పదగినంత గట్టిది కాదు. బాధ కలిగినప్పుడు, విసుగు పుట్టినప్పుడు తినే అలవాటు మీద ఇలాంటి పాఠాలు కొంత పనిచేస్తాయని మరికొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. తూకం మీద మాత్రం వీటి ప్రభావం తక్కువే.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా గమనిక గురించే మాట్లాడారు. ఆ గమనిక ఏ పద్ధతితోనూ, ఏ సాధనతోనూ రాదన్నారు. ఆయన పేరుతో ముడిపడిన రిషివ్యాలీ బడి ఆ ఊరికి దగ్గర్లోనే ఉంది. ఈ విషయంలో నేను ఆయన పక్షమే. ఎరుకను ఎనిమిది వారాల కోర్సుగా కొనుక్కునే ముందు, దాన్ని చెదరగొడుతున్నదేమిటో చూసుకోవడం మేలు.

చెదరగొట్టేది ఏమిటో పరిశోధనలు స్పష్టంగానే చెప్పాయి. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో 2011లో కొందరికి కంప్యూటర్‌లో పేకాట ఆడుతూ మధ్యాహ్న భోజనం చేయమన్నారు, కొందరికి ఊరికే తినమన్నారు. ఇద్దరికీ పెట్టింది ఒకటే. అరగంట తర్వాత బిస్కెట్లు ముందు పెడితే, ఆట ఆడుతూ తిన్నవాళ్లు దాదాపు రెండింతలు తిన్నారు. తాము ఏం తిన్నామో కూడా వాళ్లకు సరిగ్గా గుర్తు లేదు. 2013లో 24 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా ఇదే రుజువైంది: ధ్యాస వేరేచోట ఉంటే ఆ పూటే కాదు, తర్వాతి పూట కూడా ఎక్కువ తింటాం. కడుపుకు ఒక జ్ఞాపకం ఉంది, దాన్ని మెదడు రాసుకోవాలి. ఫోన్ తెర చూస్తూ తిన్న అన్నం ఆ లెక్కలో పడదు. ఫోన్ చూపిస్తే తప్ప బువ్వ తినని పసిబిడ్డలు ఈ రోజు ఇంటింటా ఉన్నారు. చందమామను చూపించి పెట్టిన గోరుముద్దలో తల్లి బిడ్డ నోటిని చూసేది. బిడ్డ చాలని తల తిప్పితే ఆమెకు తెలిసేది. తెర చూస్తున్న బిడ్డ తల తిప్పదు.

బంతి నేర్పిన నిదానం

మన బంతి భోజనంలో వేగానికి కళ్లెం అమరి ఉంది. విస్తరి వేసిన వెంటనే తినరు, అందరికీ వడ్డన అయ్యేదాకా ఆగుతారు. పప్పన్నం అయ్యాక చారు కోసం, చారన్నం అయ్యాక మజ్జిగ కోసం ఆగాలి. వడ్డించేవాడు వచ్చేదాకా చెయ్యి విస్తరిలోనే నిలుస్తుంది. పెద్దవాళ్లు లేచేదాకా చిన్నవాళ్లు లేవరు. ఎవరూ నమలడం లెక్కపెట్టరు, ఎవరి తెరా ఎవరూ చూడరు.

ఈ బంతిని ఇంకా పెద్ద ఎత్తున నిలబెట్టుకున్న చోటు తిరుమల. 1985 ఏప్రిల్ 6న ఎన్.టి. రామారావు అక్కడ నిత్యాన్నదాన పథకాన్ని ప్రారంభించారు. 2011 నుంచి అది మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరిట కట్టిన అన్నప్రసాద భవనంలో సాగుతోంది. వెంగమాంబది మా ఉమ్మడి చిత్తూరు జిల్లా తరిగొండే. 18వ శతాబ్దంలో తిరుమల కొండ మీదే ఉంటూ యాత్రికులకు అన్నం పెట్టించిన కవయిత్రి ఆమె. అక్కడ వేలమంది ఒకేసారి అరటి ఆకు ముందు కూర్చుంటారు. గోవింద నామం పలికి ముద్ద ఎత్తుతారు. రోజుకు అన్ని వేలమందికి పెట్టే చోట కూడా మనిషి కూర్చునే తింటున్నాడు. అదే మనిషి కిందికి దిగి వచ్చి పెళ్లి బఫేలో పళ్లెం పట్టుకుని, పన్నెండు రకాలు ఒకేసారి వడ్డించుకుని, నిలబడే పది నిమిషాల్లో ముగిస్తున్నాడు. తక్కువ ఖర్చు, తక్కువ చాకిరీ అని బంతిని వదిలేశాం. దానితో పాటు అది నేర్పిన నిదానాన్నీ వదిలేసుకున్నాం.

అందరికీ దొరకని తీరిక

నిదానంగా తినమని చెప్పడం తేలిక. షిఫ్టు డ్యూటీలో క్యాంటీను క్యూకే సగం విరామం పోయే కార్మికుడికి, గంట కొడితే తరగతికి పరుగెత్తే పిల్లవాడికి, టికెట్లు కొట్టే కండక్టరుకు ఇరవై నిమిషాలు తమ చేతిలో ఉండవు. వాళ్ల భోజనం వేగం వాళ్ల తప్పు కాదు. విరామాన్ని పది నిమిషాలు పొడిగించడం యజమానుల చేతిలో, బడి పెద్దల చేతిలో ఉంది.

అన్నిటికన్నా పెద్ద అన్యాయం ఇంట్లోనే జరుగుతోంది. అందరికీ వడ్డించి, గిన్నెల అడుగున మిగిలింది కలుపుకుని, పొయ్యి పక్కన నిలబడే నాలుగు ముద్దలు మింగే ఆడవాళ్లు మన ఇళ్లలో ఎంతమందో. కూర అయిపోయి ఉంటుంది, అన్నం మిగిలి ఉంటుంది. పారేయడం ఇష్టం లేక ఆ అన్నమంతా పచ్చడితో తినేస్తారు. మన మహిళల్లో నూటికి 36 మంది ఎక్కువ బరువున్నారన్న లెక్కను చదివేటప్పుడు ఈ దృశ్యాన్ని పక్కన పెట్టుకుని చదవాలి. వాళ్లకు నమలడం గురించి పాఠం చెప్పేవాళ్లు ఎక్కువ, కూర్చోమని పీట వేసేవాళ్లు తక్కువ.

కొన్ని హెచ్చరికలు కూడా తప్పవు. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారు తిండి కొలతనూ వరసనూ మార్చే ముందు డాక్టరుతో మాట్లాడాలి, లేకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. పండ్లు లేని పెద్దవారికి నమలమన్న సలహాకన్నా ముందు కట్టుడు పండ్లు కావాలి. అన్నం చూస్తేనే భయపడే స్థితికి చేరిన యువతకు ముద్దలు లెక్కపెట్టే అలవాటు హాని చేస్తుంది. వాళ్లకు కావలసింది మానసిక వైద్యుడి సాయం.

తేలిందేమిటి?

నిదానంగా తినడం మేలే. ఆ పూట రెండు ముద్దలు తగ్గుతాయి, తృప్తి పెరుగుతుంది, ఖర్చు లేదు. దానితోనే పది కిలోలు తగ్గుతాయని చెప్పేవారి మాట నమ్మవద్దు. నమలడం లెక్కపెట్టడంకన్నా ముద్దకూ ముద్దకూ నడుమ ఆగడం ముఖ్యం. ఆ ఆగడాన్ని మనసు మీద బలవంతంగా రుద్దితే నాలుగు రోజులే నిలుస్తుంది. అదే తిండిలో, కూర్చునే తీరులో అమర్చుకుంటే జీవితాంతం నిలుస్తుంది. అందుకే నా సలహాలు నాలుగే: అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర, గింజలు పెంచండి, వాటిని ముందు తినండి. రసం తాగకుండా పండు కొరకండి. భోజనం దగ్గరికి ఫోన్ రానివ్వకండి. రోజుకు ఒక్క పూటైనా ఇంటిల్లిపాదీ ఒక్క బంతిలో కూర్చోండి.

ఆ బంతిలో, వండిన మనిషికి కూడా విస్తరి వేయండి. గిన్నెలు నడుమ పెట్టుకుంటే ఎవరికి వారు వడ్డించుకోవచ్చు. ఆమె కూర్చుని, నిదానంగా, కూర ఉండగానే తిన్న రోజున ఈ చర్చంతా మన ఇంట్లో అమలైనట్టు లెక్క.